సహనం పేరిట దాచిన కాలు

మూడేళ్ల క్రితం చలికాలంలో ఒకనాడు, ఫజ్ర్ అజాన్ అయిన కొద్దిసేపటికి, బాన్సువాడలోని మా మదరసా ఆవరణలో కుళాయిల వద్ద కూర్చుని వుజూ చేసుకుంటున్నాను. ముఖం, చేతులు కడిగి, తలకు మసహ్ చేసి, కుడి పాదం కడుక్కున్నాను. ఎడమ చీలమండను వేళ్లతో రుద్దుతుండగా పారే నీటిలో ఎరుపు కనిపించింది. గచ్చు మీద ఎవరో రంగు ఒలకబోశారేమో అనుకున్నాను. మరుక్షణమే చీలమండ లోపలి వైపు నుంచి సన్నని రక్తధార చిమ్మడం చూశాను. నొప్పి మాత్రం లేదు. ఆ నొప్పి లేకపోవడమే నన్ను ఎక్కువగా భయపెట్టింది.

హిఫ్జ్ తరగతి పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చారు. ఒకడు తన భుజం మీది రుమాలు తీసి నా మోకాలి కింద గట్టిగా బిగించాడు. మరొకడు "ఉస్తాద్ సాబ్, లేవండి, గదిలోకి వెళ్దాం" అంటూ నన్ను నిలబెట్టాడు. రక్తం తగ్గకపోగా మరింత ఎక్కువైంది. అదృష్టవశాత్తు నమాజ్‌కు వచ్చిన ఒక విశ్రాంత కాంపౌండర్ ఇది చూసి, రుమాలు విప్పించి, నన్ను అక్కడే వెల్లకిలా పడుకోబెట్టారు. కాలిని ఒక ఇనుప పెట్టె మీదికి ఎత్తి, శుభ్రమైన గుడ్డను గాయం మీద ఉంచి, బొటనవేలితో అదిమి పట్టుకున్నారు. పది నిమిషాలలో రక్తం ఆగిపోయింది. అల్‌హమ్దులిల్లాహ్.

పిల్లలు చేసినవి రెండూ పొరపాట్లేనని ఆయన అప్పుడే వివరించారు. ఉబ్బిన సిర చిట్లినప్పుడు పైన కట్టు బిగిస్తే గుండె వైపు వెళ్లే దారి మూసుకుపోయి, రక్తం గాయం నుంచే బయటికి వస్తుంది. నిలబడితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. పడుకోబెట్టి, కాలు ఎత్తి, గాయం మీదనే అదమడం సరైన పద్ధతి. ఈ వ్యాసంలో మరేదీ గుర్తుండకపోయినా, ఈ ఒక్క సంగతి మాత్రం పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

పదిహేనేళ్ల గోప్యం

ఆ రక్తం ఆ ఒక్కరోజు కథ కాదు. అప్పటికి పదిహేనేళ్లుగా నా ఎడమ పిక్క మీద నీలి రంగు ముడులు ఉన్నాయి. సాయంత్రానికి కాలు బరువెక్కేది. రాత్రి పిక్క పట్టేసేది. తరువాత చీలమండ పైన చర్మం నల్లబడింది, దురద మొదలైంది. చివరి ఎనిమిది నెలలుగా అక్కడ రూపాయి బిళ్లంత పుండు ఉంది. మందుల దుకాణంలో దొరికిన లేపనాలన్నీ రాశాను. మానినట్టే మాని మళ్లీ తెరుచుకునేది.

ఎవరికీ చెప్పలేదు. పైజామా కింద కాలు ఎవరికి కనిపిస్తుంది? మా అబ్బాజాన్ కాళ్ల మీద కూడా ఇటువంటి ముడులే ఉండేవి. ఆయన నిజాంసాగర్ కాలువ కింద వరి పండించిన రైతు. ఆ ముడులను మేము ఆయన కష్టానికి గుర్తులుగా భావించేవాళ్లం. నా కాలి మీద అవే కనిపించినప్పుడు, తండ్రి వారసత్వం అనుకుని ఊరుకున్నాను. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఈ జబ్బుకు వంశపారంపర్యం ఒక ముఖ్య కారణమని వైద్యులు చెబుతారు. అయితే వారసత్వంగా వచ్చిన ఇల్లు కారుతుంటే కప్పు బాగుచేయించుకుంటామే గాని, తడుస్తూ కూర్చోము కదా!

నా మౌనానికి నేను పెట్టుకున్న పేరు సబ్ర్. జుమా ప్రసంగాలలో, స్త్రీల ఇజ్తిమాలలో సహనం గురించి నేను చాలాసార్లు మాట్లాడాను. నా కాలి విషయంలో కూడా సహనమే పాటిస్తున్నానని నన్ను నేను నమ్మించుకున్నాను. నిజానికి అందులో సహనం కొంతే. బద్ధకం, సిగ్గు, ఖర్చు భయం మిగతావి.

నరం కాదు, సిర

నేను అసలేమీ ప్రయత్నించలేదని కాదు. ఒకచోట చూపించుకోగా 'నరాల బలహీనత' అని చెప్పి మూడు నెలలు బలం మాత్రలు ఇచ్చారు. ఈ తప్పుకు మన భాష కూడా కొంత కారణం. తెలుగులో మనం మెదడు ఆజ్ఞలను మోసే తంతువునూ నరమే అంటాం, రక్తం ప్రవహించే గొట్టాన్నీ నరమే అంటాం. దాంతో 'కాళ్ల నరాలు ఉబ్బాయి' అన్న రోగి తరచు నరాల వైద్యుని గుమ్మం ఎక్కుతాడు. ఉబ్బేది నరం కాదు, సిర. దీనికి వైద్యులు వెరికోస్ వీన్స్ అంటారు. చూడవలసింది రక్తనాళాల శస్త్రవైద్యుడు, అంటే వాస్క్యులర్ సర్జన్.

మరొకరి సలహాతో హిజామా చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. హిజామా మహాప్రవక్త (సఅసం) ఆమోదించిన చికిత్స అని మనందరి విశ్వాసం. ఆ పెద్దాయన నా కాలు చూసి, "మౌల్సాబ్, ఉబ్బిన సిర మీద కప్పు పెట్టకూడదు. పుండు ఉన్నచోట అసలే పెట్టకూడదు. మీరు డాక్టర్ దగ్గరికి వెళ్లండి" అని పంపించివేశారు. తన విద్య హద్దులు తెలిసిన ఆ మనిషి పట్ల నాకు గౌరవం పెరిగింది. ఆయన మాట అప్పుడే విని ఉంటే వుజూ నీళ్లలో రక్తం చూసే పరిస్థితి వచ్చేది కాదు.

చివరికి ఆ రక్తస్రావం తరువాత మా పెద్దబ్బాయి నన్ను హైదరాబాద్ తీసుకువెళ్లాడు. అక్కడి వైద్యుడు ఓపికగా వివరించిన విషయాన్ని మన ప్రాంతపు మాటల్లో చెప్పే ప్రయత్నం చేస్తాను.

గుండె నుంచి కాళ్లకు రక్తం దిగడం సులువు. తిరిగి పైకి ఎక్కడమే కష్టం. ఇది కాలువ పారకం కాదు, ఎత్తిపోతల. అందులో మోటారు మన పిక్క కండరం. నడిచినప్పుడు, మడమ ఎత్తినప్పుడు అది బిగుసుకుని సిరలలోని రక్తాన్ని పైకి తోస్తుంది. తోసిన రక్తం వెనక్కి జారకుండా సిరల లోపల చిన్న చిన్న కవాటాలు ఉంటాయి. మన రైతులు మోటారు పైపు అడుగున ఫుట్‌వాల్వు బిగిస్తారు. అది పాడైతే మోటారు ఆగగానే పైకెక్కిన నీరంతా బావిలోకి జారిపోతుంది. కాలి సిరలలో జరిగేదీ అదే. ఒక కవాటం పాడైతే పైనున్న రక్తపు బరువు కింది కవాటం మీద పడుతుంది. కొంతకాలానికి అదీ వదులవుతుంది. సిర ఉబ్బి, మెలికలు తిరుగుతుంది. నిశ్చలంగా నిలబడి ఉన్నప్పుడు చీలమండ దగ్గరి సిరలలో ఒత్తిడి సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసం వరకు ఉంటుంది. ఆరోగ్యవంతుడు నడవడం మొదలుపెడితే అది దాదాపు 30కి దిగిపోతుంది. కవాటాలు పాడైనవారిలో నడిచినా తగినంతగా దిగదు. రాత్రింబవళ్లు ఆ ఒత్తిడిని భరించలేక చర్మం నల్లబడుతుంది, గట్టిపడుతుంది, చివరికి పుండు పడుతుంది. పై లేపనం ఎంత మంచిదైనా, లోపల ఒత్తిడి తగ్గనంత వరకు ఆ పుండు మానదు.

ఎక్కువసేపు నిలబడి పనిచేసేవారు, కదలకుండా కూర్చునేవారు, బరువులు మోసేవారు, స్థూలకాయులు, పలుమార్లు గర్భం దాల్చిన స్త్రీలు, తల్లిదండ్రులకు ఈ జబ్బు ఉన్నవారు దీనికి త్వరగా లోనవుతారు. మన బాన్సువాడనే తీసుకోండి. వరి నాట్లు వేసే స్త్రీలు, రైసుమిల్లు హమాలీలు, హోటళ్లలో పెనం ముందు నిలబడేవారు, దావత్‌లలో దేగ్‌ల ముందు గంటల తరబడి నిలబడే వంటవారు, బస్సు కండక్టర్లు, మాలాంటి ఉపాధ్యాయులు అందరూ ఈ జాబితాలోని వారే.

మన గ్రంథాలలోని 'దవాలీ'

వైద్యుని మాటలు వింటుంటే నాకు విద్యార్థి దశలో చదివిన ఒక అరబ్బీ పదం గుర్తుకు వచ్చింది. అరబ్బు వైద్యులు ఈ జబ్బును 'దవాలీ' అన్నారు. ద్రాక్షతీగలని దాని అర్థం. కాలి మీద మెలికలు తిరిగిన సిరలను ద్రాక్షతీగలతో పోల్చిన పేరది.

ఇబ్నె సీనా (980–1037) తన 'అల్ ఖానూన్' గ్రంథంలో దవాలీ గురించి రాస్తూ, అది ఎక్కువగా కాలినడకన వార్తలు మోసేవారికి, బరువులు మోసే హమ్మాళ్లకు, రాజుల ఎదుట నిలబడి కొలువు చేసేవారికి వస్తుందని పేర్కొన్నారు. మన రైసుమిల్లులలో వినిపించే 'హమాలీ' అనే మాట ఆ 'హమ్మాల్' నుంచి వచ్చినదే. వెయ్యేళ్ల నాటి ఆ జాబితాను నేటి వైద్యుల జాబితా పక్కన పెట్టి చూడండి. పనుల పేర్లు మారాయి, కాళ్లు మారలేదు.

కాలి లోపలి వైపున చీలమండ నుంచి గజ్జ వరకు సాగే పొడవైన పైపొర సిరను అరబ్బు వైద్యులు 'సాఫిన్' అన్నారు. నేటి వైద్యులు దానినే 'సఫీనస్' అంటారు. ఆ పేరు అరబ్బీ నుంచే వచ్చిందని కొందరు పండితులు, గ్రీకు నుంచి వచ్చిందని మరికొందరు అంటారు. దివ్య ఖుర్ఆన్‌లోని సాద్ సూరాలో హజ్రత్ సులైమాన్ (అలై) ఎదుట నిలిచిన మేలుజాతి గుర్రాలకు వాడిన 'సాఫినాత్' అనే పదంలోని అక్షరాలూ ఇవే. రెండు పదాల మధ్య సంబంధం ఉందని నేను అనడం లేదు. కాని నిలబడటం వల్ల దెబ్బతినే సిర పేరు వినగానే నిలిచి ఉన్న ఆ గుర్రాలు నా మనసులో మెదిలాయి.

అందలూసియాలోని ఖుర్తుబా నగరానికి చెందిన అబుల్ ఖాసిం అజ్జహ్రావీ 1013లో మరణించారు. 'అత్తస్రీఫ్' పేరుతో ఆయన రాసిన ముప్పై భాగాల వైద్య గ్రంథంలో చివరి భాగం శస్త్రచికిత్సకు సంబంధించినది. ఉబ్బిన కాలి సిర మీద చర్మాన్ని కోసి, సిరను బయటికి తీసి తొలగించే పద్ధతిని అందులో వివరించారు. 12వ శతాబ్దంలో ఆ గ్రంథం లాటిన్‌లోకి అనువాదమై, ఐరోపా వైద్యులకు శతాబ్దాల పాటు ఉపయోగపడింది. సిరలలోని కవాటాలను వివరించే గ్రంథాన్ని ఇటలీలో ఫాబ్రీసియస్ 1603లో ప్రచురించారు. 1890 ప్రాంతంలో జర్మనీలో ట్రెండలెన్‌బర్గ్ తొడ దగ్గర సిరను కట్టివేసే శస్త్రచికిత్సను ప్రచారంలోకి తెచ్చారు. 20వ శతాబ్దమంతా సిరను కట్టివేసి, తీగతో లాగి తీసివేసే పద్ధతే ప్రధానంగా సాగింది. నడుముకు మత్తుసూది, కాలి మీద కోతలు, వారాల విశ్రాంతి అందులో భాగం. మా పేటలో ఒకాయన ముప్పై ఏళ్ల క్రితం ఆ శస్త్రచికిత్స చేయించుకుని, నెల రోజులు మంచం దిగలేదన్న కథ నా భయానికి ఒక మూలం.

లేజర్ చేసే పని

ఆ భయం ఇప్పుడు అవసరం లేదని వైద్యుడు చెప్పారు. 1999లో స్పెయిన్ వైద్యుడు కార్లోస్ బోనే సిర లోపలికి లేజర్ కాంతిని పంపి మూసివేసే పద్ధతిని వెల్లడించారు. 2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానికి అనుమతి ఇచ్చింది. 2013లో బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శక సంస్థ, తగిన రోగులకు కోత శస్త్రచికిత్స కంటే ముందుగా ఇటువంటి వేడి చికిత్సనే సూచించాలని చెప్పింది. అంటే ఇది నిన్న మొన్న పుట్టిన ప్రయోగం కాదు.

మొదట నన్ను నిలబెట్టి కాలికి డాప్లర్ పరీక్ష చేశారు. గర్భిణులకు చేసే స్కానింగ్ వంటిదే అది. ఏ సిరలో రక్తం ఏ దిశగా పోతున్నదో తెర మీద కనిపిస్తుంది, చెవికి కూడా వినిపిస్తుంది. లోతైన సిరలలో గడ్డలు ఉన్నాయా, ఏ కవాటం దగ్గర లోపం మొదలైంది అనే విషయాలు దానితోనే తెలుస్తాయి. ఈ పరీక్ష లేకుండా లేజర్ చేస్తామనేవారి దగ్గర చికిత్సకు ఒప్పుకోవద్దు.

చికిత్స రోజున మోకాలి దగ్గర చిన్న మత్తుసూది వేశారు. స్కానింగ్ తెర చూస్తూ సిరలోకి సూది గుచ్చి, దాని గుండా దారం వంటి సన్నని గాజుతీగను గజ్జ వరకు పంపారు. పైపొర సిర వెళ్లి లోతైన సిరలో కలిసే చోటికి సుమారు 2 సెంటీమీటర్ల ముందే తీగ కొనను ఆపుతారు. తరువాత సిర చుట్టూ మత్తుమందు కలిపిన ఉప్పునీటిని నింపారు. ఆ సూదులు కొంచెం చురుక్కుమన్నాయి. మొత్తం చికిత్సలో నాకు తెలిసిన నొప్పి అంతే. ఆ నీరు నొప్పి తెలియకుండా చేయడమే గాక, సిరను నొక్కిపెట్టి, వేడి చుట్టుపక్కల కండకు తగలకుండా కాపాడుతుంది. ఆపై లేజర్ వెలిగించి, తీగను నెమ్మదిగా వెనక్కి లాగుతూ వచ్చారు. ఆ వేడికి సిర గోడలు ముడుచుకుని మూసుకుపోతాయి. కొన్ని నెలలలో శరీరమే ఆ సిరను సన్నని దారంలా మార్చివేస్తుంది. నేటి యంత్రాలలో చాలావరకు వాడే 1470 నానోమీటర్ల కాంతిని నీరు బాగా పీల్చుకుంటుంది. అందువల్ల తక్కువ శక్తితో పని జరుగుతుంది, తరువాతి నొప్పి కూడా తక్కువ.

గంట లోపే అంతా అయిపోయింది. కుట్లు లేవు. కాలికి బిగుతు మేజోడు తొడిగి, "మౌలానా గారూ, ఇక లేచి నడవండి" అన్నారు. అరగంట ఆసుపత్రి వరండాలో నడిచాను. సాయంత్రానికి బయలుదేరి ఇల్లు చేరాను.

అప్పుడు నన్ను వేధించిన సందేహమే పాఠకులకూ రావచ్చు. అంత పెద్ద సిరను మూసివేస్తే రక్తం ఏ దారిన పోతుంది? వైద్యుని సమాధానం ఇది: కాలి నుంచి పైకి వెళ్లే రక్తంలో అత్యధిక భాగాన్ని కండరాల మధ్యనున్న లోతైన సిరలే మోస్తాయి. పాడైన పైపొర సిర మోయడం మానివేసి, రక్తాన్ని కిందికి జారవిడుస్తున్నది. తెగిపోయిన పిల్లకాలువను మూసివేస్తే పెద్ద కాలువ నీరు వృథా కాదు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కింద బతికే మనకు ఈ మాట వేరే చెప్పనవసరం లేదు.

మేలు ఎంత, హద్దు ఎంత

చికిత్స జరిగిన సిర ఏడాది తరువాత కూడా మూసుకునే ఉండటం పదింట తొమ్మిదికి పైగా కేసులలో కనిపిస్తుంది. నాలాగా పుండు పడినవారి విషయంలో 2018లో వెలువడిన ఒక బ్రిటన్ పరిశోధన గమనించదగినది. 20 కేంద్రాలలో 450 మంది రోగులను రెండు వర్గాలుగా విభజించారు. అందరికీ బిగుతు కట్లు కట్టారు. ఒక వర్గానికి వెంటనే సిరను మూసివేసే చికిత్స చేశారు, రెండవ వర్గానికి ఆలస్యంగా చేశారు. పుండు మానడానికి మొదటి వర్గంలో మధ్యస్థంగా 56 రోజులు, రెండవ వర్గంలో 82 రోజులు పట్టింది. ఎనిమిది నెలలు మానని నా పుండు చికిత్స తరువాత తొమ్మిదో వారానికి మూసుకుంది.

అయితే లేజర్ అనే మాట వినగానే మోసపోవడం కూడా తగదు. కొన్ని విషయాలు స్పష్టంగా చెప్పుకుందాం.

ఉబ్బిన ప్రతి సిరకూ లేజర్ అవసరం లేదు. సాలెగూడు వంటి సన్నని ఎర్రని గీతలు చాలావరకు ప్రమాదకరం కావు. కొందరికి బిగుతు మేజోళ్లు, నడక, బరువు తగ్గడం సరిపోతాయి. బాగా మెలికలు తిరిగిన సిరలోకి లేజర్ తీగ దూరదు. అటువంటివాటికి నురుగు మందు ఎక్కించడమో, చిన్న రంధ్రాల గుండా తీసివేయడమో చేస్తారు. రేడియో తరంగాల వేడితో మూసివేసే పద్ధతి కూడా లేజర్‌కు సమానంగా పనిచేస్తుంది.

లోతైన సిరలలో కొత్తగా గడ్డ ఉన్నవారికి, కాళ్లకు రక్తం తెచ్చే ధమనులు బాగా మూసుకుపోయినవారికి, నడవలేనివారికి, గర్భిణులకు ఇది సాధారణంగా చేయరు. గర్భకాలంలో ఉబ్బిన సిరలు ప్రసవం తరువాత కొన్ని నెలలలో చాలావరకు తగ్గుతాయి. అంతవరకు ఆగడమే మంచిది.

చికిత్స తరువాత తొడ వెంట కమిలినట్టు ఉండటం, బిగుసుకున్నట్టు అనిపించడం సాధారణం. కొందరికి కాలిలో కొంతమేర తిమ్మిరి కొన్ని నెలలు ఉంటుంది. లోతైన సిరలో గడ్డ ఏర్పడటం, చర్మం కాలడం అరుదు, కాని అసాధ్యం కాదు. ఒక కాలు అకస్మాత్తుగా వాచి నొప్పి పుట్టినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేరాలి. 108కు ఫోన్ చేయాలి. ఏళ్లు గడిచాక మరో సిర పాడై జబ్బు మళ్లీ కనిపించవచ్చు. వైద్యం ఒక సిరను మూసివేస్తుంది, మన శరీర తత్వాన్ని మార్చదు.

ఖర్చు విషయంలో ఆసుపత్రికీ ఆసుపత్రికీ చాలా తేడా ఉంటుంది. పరీక్ష, మేజోడు, నురుగు మందు ఆ మొత్తంలో కలిసి ఉన్నాయా లేదా అని ముందే అడగాలి. హైదరాబాద్ పంజాగుట్టలోని ప్రభుత్వ రంగ నిమ్స్‌లో రక్తనాళాల శస్త్రచికిత్సా విభాగం ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. మీకు సూచించిన చికిత్స ఆ పథకంలోకి వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. అప్పు చేసే ముందు అడగడంలో నామోషీ లేదు.

వుజూ, నమాజ్ మాటేమిటి?

చాలామంది నమాజీలు నన్ను అడిగిన ప్రశ్న ఇది. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం చెబుతున్నాను. గాయం నుంచి రక్తం పారితే వుజూ భంగమవుతుంది. పుండు నుంచి స్రావం ఒక నమాజ్ వేళంతా ఆగకుండా, వుజూ చేసి ఫర్జ్ నమాజ్ చేసేటంత విరామం కూడా ఇవ్వకపోతే, ఆ వ్యక్తి మాజూర్ అవుతాడు. అతను ప్రతి నమాజ్ వేళకు కొత్తగా వుజూ చేసుకుంటే చాలు. తీయడం హానికరమని వైద్యుడు చెప్పిన కట్టు మీద తడి చేతితో మసహ్ చేయవచ్చు. బిగుతు మేజోడు తోలు మేజోడు వంటిది కాదు. మామూలు రోజులలో దానిని తీసి కాలు కడగాలి. చికిత్స జరిగిన మొదటి రోజులలో తీయవద్దని వైద్యుడు చెబితే దానికి కట్టు నియమమే వర్తిస్తుంది. మీ పరిస్థితిని వివరించి దగ్గరలోని ముఫ్తీ సాహెబ్‌ను అడిగి నిర్ధారించుకోండి.

నిలబడలేని రోజున కూర్చుని నమాజ్ చేయడానికి వెనుకాడకండి. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) మొలల వ్యాధితో బాధపడుతూ నమాజ్ గురించి అడిగితే, నిలబడి చేయమని, అది సాధ్యం కాకపోతే కూర్చుని, అదీ కాకపోతే ప్రక్కకు ఒరిగి చేయమని మహాప్రవక్త (సఅసం) అనుమతించిన సంగతి బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. మొలలు కూడా సిరల ఉబ్బే! ఆ సహాబీ తన జబ్బును దాచుకోలేదు. వెళ్లి అడిగారు. ఆయన అడగడం వల్లనే ఈనాటి వరకు కోట్లాది రోగులకు సౌలభ్యం కలిగింది.

స్త్రీలకు ఒక మాట. కాలు చూపించవలసి వస్తుందన్న సంకోచంతో ఎందరో సోదరీమణులు ఈ జబ్బును దాచుకుంటున్నారు. మహిళా వైద్యురాలు గాని, మహిళా సిబ్బంది గాని ఉన్నారా అని అడగండి, భర్తనో కుమారుడినో వెంట తీసుకువెళ్లండి. అవసరమైనంత మేరకు మాత్రమే చూపించి చికిత్స పొందడానికి షరీఅత్ అనుమతి ఉంది. హయా మనిషిని కాపాడటానికే ఉంది.

ఇంటికి వచ్చిన తరువాత

ఈ చివరి మాట నేను గ్రంథం చూసి రాయలేదు. చికిత్స అయిన వారానికి, ఇషా తరువాత, మా ఇంటావిడ నా కాలికి మేజోడు తొడుగుతున్నది. అది తొడగడం కొంచెం కష్టమైన పని, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుంటేనే జారకుండా పట్టు దొరుకుతుంది. తొడగడం పూర్తిచేసి, తల ఎత్తకుండానే అడిగింది: "ఇది ఆడవాళ్లకు కూడా వస్తుందా?"

"వస్తుంది. కాన్పుల వల్ల మరీ ఎక్కువ" అన్నాను.

ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత సల్వార్ అంచు పిక్క వరకు జరిపింది. రెండు కాళ్ల మీద నీలి ముడులు. మూడో కాన్పు నుంచి ఉన్నాయట. అంటే ఇరవై రెండేళ్లు.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"మీరే కదా ఇజ్తిమాలో చెప్పేవారు, ఉర్వా బిన్ జుబైర్ గారి కథ. కాలు కోసినా ఆయన అల్లాహ్‌కు ఫిర్యాదు చేయలేదని. నాకు కాలు నొప్పే కదా అనుకున్నాను."

నాకు జవాబు దొరకలేదు. ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు. హజ్రత్ ఉర్వా (రహ్మ) ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ ఆయిషా (రజి) అక్కగారి కుమారుడు, మదీనాకు చెందిన గొప్ప విద్వాంసుడు. దమస్కస్ ప్రయాణంలో ఆయన కాలికి కుళ్లు పట్టింది. అది పైకి పాకకుండా కాలు తీసివేయాలని వైద్యులు చెప్పారు. ఆయన ఒప్పుకున్నారు. అదే ప్రయాణంలో కుమారుడిని కూడా కోల్పోయారు. అయినా తనకు మిగిల్చిన దాని కొరకు అల్లాహ్‌ను స్తుతించారని చరిత్రకారులు రాశారు. ఎన్నో సభలలో నేను ఈ కథ చెప్పాను. ఆయన మూలగలేదని చెప్పాను, ఫిర్యాదు చేయలేదని చెప్పాను. కాని వైద్యుల మాట విని కాలు అప్పగించారన్న మాటను దాటవేసేవాడిని. సగం కథ చెప్పాను. ఆ సగం కథను నా ఇంట్లోనే ఒక మనిషి ఇరవై రెండేళ్లు మోసింది.

చికిత్స చేయించుకోవడం, ఫలితం విషయంలో అల్లాహ్ నిర్ణయానికి తలవంచడం, ఈ రెండూ ఉర్వా (రహ్మ) సహనంలో ఉన్నాయి. జబ్బును సృష్టించిన అల్లాహ్ దానికి మందును కూడా సృష్టించాడని, చికిత్స చేయించుకోమని మహాప్రవక్త (సఅసం) మనకు బోధించారు. మొదటిది వదిలిపెట్టి రెండవదానిని సహనం అని పిలిచే హక్కు మనకు లేదు.

మరుసటి వారమే ఆమెను హైదరాబాద్ తీసుకువెళ్లాను. పరీక్ష చేసిన వైద్యురాలు లోపం స్వల్పమేనని, ప్రస్తుతం లేజర్ అవసరం లేదని చెప్పారు. బిగుతు మేజోళ్లు, రోజూ అరగంట నడక, పడుకునేటప్పుడు కాళ్ల కింద దిండు సూచించారు. ఆరు నెలలకు ఒకసారి చూపించమన్నారు. రాత్రిపూట పిక్కలు పట్టడం తగ్గిందని ఆమె అంటున్నది.

మదరసాలో ఇప్పుడు ప్రతి పాఠానికీ మధ్య పిల్లలను, ఉస్తాదులను లేపి నాలుగు అడుగులు వేయిస్తున్నాను. ఇజ్తిమాలలో ఉర్వా (రహ్మ) కథను పూర్తిగా చెబుతున్నాను. కథ అయ్యాక ఒక ప్రశ్న కూడా అడుగుతున్నాను. దానినే పాఠకుల ముందు ఉంచి ముగిస్తాను: తల్లి పాదాల చెంత స్వర్గం ఉందని మనమందరం చెప్పుకుంటాం. ఆ పాదాలను చివరిసారి ఎప్పుడు చూశాం? ఈ రాత్రి ఇషా తరువాత అమ్మ దగ్గర కూర్చుని కాళ్లు పట్టండి. చీలమండ వాచిందా, చర్మం నల్లబడిందా, పిక్క మీద ముడులు ఉన్నాయా చూడండి. ఉంటే, ఆమె చెప్పేదాకా ఆగకండి. ఆమె చెప్పదు.

అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని, ఆరోగ్యం విషయంలో వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.